ఫొటోకి అడ్డు

పెళ్ళికి కుదుర్చుకున్న ఫొటోగ్రాఫరు ఒకడు, మెడలో సొంత కెమెరా వేలాడేసుకుని వచ్చిన చుట్టం ఒకడు. ఇద్దరూ ఒకే పందిట్లో ఉంటే ఎవరు ఎవరికి దారి ఇవ్వాలి? చాలా ఏళ్ళు నా దగ్గర దీనికి ఒకటే జవాబు ఉండేది. నాకే ఇవ్వాలి. నేను పనికి వచ్చినవాణ్ణి, అతను భోజనానికి వచ్చినవాడు. విజయనగరంలో స్టూడియో పెట్టిన కొత్తలో ఈ మాట లోపల అనుకునేవాణ్ణి. తర్వాత తర్వాత మొహం మీదే అనడం మొదలుపెట్టాను.

మొదట్లో ఆ అవసరం రాలేదు. పెళ్ళిలో కెమెరా అంటే నాదొక్కటే. "అమ్మా, కాస్త ఇటు జరగండి" అంటే ఊరి పెద్దలు కూడా జరిగేవారు. రెండువేల పది వచ్చేసరికి ఇంటికో కెమెరా అయింది. నేను పావుగంట కష్టపడి ఇరవైమందిని మూడు వరసల్లో నిలబెట్టి, ఏడుస్తున్న పిల్లని నవ్వించి, ముసలాయన కండువా సరిచేసి, ఇక నొక్కుదామనుకునే వేళకి నా భుజం మీదుగా ఒక చెయ్యి వస్తుంది. "ఇటు సూడండి, ఇటు" అని ఒక గొంతు. సగం కుటుంబం నన్ను చూస్తుంది, సగం కుటుంబం అతన్ని చూస్తుంది. ఆల్బంలో అందరికీ మెల్లకన్ను వచ్చినట్టు ఉంటుంది. మాట పడేది నేను. కష్టమంతా నాదీ, నొక్కుడు మాత్రం అతనిదీ. పైగా బంతిలో అతనికి మొదటి ఆకు, నాకు చివరి ఆకు. ఆ వేళకి బూరెలు అయిపోయేవి.

ఇంకో రకం వాళ్ళున్నారు. "అన్నా, నీది ఏ మోడలు?" అని ఎంతో వినయంగా అడుగుతారు. చెప్పాక సంచీలోంచి అంతకు రెండింతలది తీస్తారు. అలాంటివాడి మూలంగానే విజయనగరంలో ఒక పెళ్ళిలో నా పరువు పోయింది. నా గొడుగు లైట్ల సంగతి కాస్త చెప్పాలి. వాటికి ముందు భాగంలో ఒక చిన్న కన్ను ఉండేది. నా కెమెరా ఫ్లాష్ వెలిగితే ఆ కన్ను చూసి అవి కూడా వెలుగుతాయి. కానీ ఆ కంటికి యజమాని ఎవరో తెలియదు. ఎవడి ఫ్లాష్ వెలిగినా వెలిగిపోతాయి, ఆ తర్వాత మళ్ళీ సిద్ధమవడానికి నాలుగైదు క్షణాలు పడుతుంది. ఆ పెళ్ళిలో జీలకర్ర బెల్లం పెట్టే వేళకి, అడ్డుతెర దించగానే, ఆ పెద్దమనిషి నాకంటే అరక్షణం ముందు నొక్కాడు. నా లైట్లు అతనికోసం వెలిగాయి. నేను నొక్కినప్పుడు చీకటి. అతని ఫొటో వెన్నెల కాసినట్టు వచ్చింది, ఆ సాయంత్రమే అందరికీ పంపించాడు. పెళ్ళికూతురి తండ్రి నా దగ్గరికి వచ్చి, "మా మేనల్లుడు సరదాగా తీస్తేనే అలా వచ్చింది, మీరేమో రోజూ ఇదే పని చేస్తారు కదా" అన్నాడు. ఆయన గొంతులో కోపం కూడా లేదు. లైట్ల కథంతా చెప్పాను. వినలేదు. విన్నా నమ్మేవాడు కాదు.

ఆ రోజు నుంచి నేను మారిపోయాను. పందిట్లో అడుగుపెట్టగానే ఎవరి చేతిలో ఏముందో లెక్కపెట్టుకునేవాణ్ణి. ముహూర్తానికి ముందు సన్నాయి మేళం వాళ్ళ మైకు అడిగి తీసుకుని, ఫ్లాష్‌లు ఆపమని చెప్పేవాణ్ణి. మాట వినకపోతే ఒక్క కేక వేసేవాణ్ణి: "ఫొటోకి అడ్డు!" ఆ రెండు మాటలకి పెళ్ళిలో ఎంత బలం ఉందో నాకు అప్పుడు తెలిసింది. ఎవరు అడ్డో చూడకుండా, పదిమంది కలిసి ఆ మనిషిని పక్కకి లాగేసేవారు. నాకది బాగుండేది. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, చాలా బాగుండేది.

భావనపాడు పెళ్ళి ఆ తర్వాతి వేసవిలో వచ్చింది. ఆడపెళ్ళివారిది సముద్రం మీద బతికే కుటుంబం. మగపెళ్ళివారిదీ అదే పని, భోగాపురం వైపు తీరం. పెళ్ళికొడుకు మాత్రం గరివిడిలో ఫ్యాక్టరీ ఉద్యోగం చేస్తున్నాడు. నన్ను కుదిర్చింది మగపెళ్ళివారే. వీడియో వద్దు, ఫొటోలు చాలు అన్నారు. ముందురోజే బస్సెక్కి టెక్కలిలో దిగి, లైట్ల పెట్టెలతో ఆటోలో ఆ ఊరు చేరాను. పెళ్ళి ఆడపిల్ల ఇంటి ముందు పందిట్లో. ముహూర్తం ఉదయం పది దాటాక.

తెల్లారి, ముస్తాబు ఫొటోలు తీయడానికి లోపలి గదిలోకి వెళ్ళాను. పెళ్ళికూతురు జడకి పువ్వులు కుట్టించుకుంటోంది. పక్కన నేల మీద వాళ్ళమ్మ కూర్చుని ఉంది. ఆవిడ భర్త పదేళ్ళ కిందట వేటకి వెళ్ళి తిరిగి రాలేదని ఆటో అతను రాత్రే చెప్పాడు. కన్యాదానం పినతండ్రి దంపతులు చేస్తున్నారు. ఆవిడ ముహూర్తం వేళ పందిట్లోకి రాకూడదు, గుమ్మంలో నిలబడకూడదు, తలుపు వేసుకుని లోపల ఉండాలి. పుస్తె కట్టడం, తలంబ్రాలు అయ్యాకే బయటికి రావడం. మగపెళ్ళివారి పెద్ద, అంటే పెళ్ళికొడుకు పెదనాన్న, ఆ సంగతి నాకు విడిగా చెప్పాడు. ఆవిడని ముహూర్తం ఫొటోల్లో పడనివ్వొద్దన్నాడు. సరేనండీ అన్నాను. అలాంటి సరేలు నేను చాలా అని ఉన్నాను, అవి నాలో ఏమీ కదిపేవి కావు.

నేను కెమెరా సర్దుకుంటుంటే ఆవిడే నన్ను పిలిచింది.

"బాబూ, జీలకర్ర బెల్లం ఏలకి నేను సూడకూడదంట. అప్పుడు మా గుంట మొకం ఎలాగున్నాదో నాకు సూపించాల. నీ కెమెరాలో కనపడతాది గదా?"

కనపడుతుందమ్మా, అవగానే లోపలికి తెచ్చి నీకే ముందు చూపిస్తాను అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. గరుకు చెయ్యి, ఉప్పు చేపల వాసన. కూతురు అద్దంలోంచి మా ఇద్దరినీ చూస్తోంది. ఆ మాట ఇచ్చినప్పుడు నేను నిజంగానే ఇచ్చాను. అది నా పని, నేను తప్ప ఇంకెవరూ చెయ్యలేని పని అనుకున్నాను. అలా అనుకోవడంలోనే ఉంది నా పొగరంతా.

పందిట్లో నా స్థలం చూసుకున్నాను. పెళ్ళికొడుకు ఎడమ పక్క, పెళ్ళికూతురు కుడి పక్క, మధ్యలో అడ్డుతెర, వాళ్ళ వెనక ఇంటి తలుపు. నేను ఇవతల, జనం నా వెనక. మేనమామ పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టుకుని తెచ్చి పీట మీద దించాడు. నలభై ఏళ్ళ మనిషి, రేవులో చేపలు కొని అమ్ముకునేవాడు. అక్క సంసారాన్ని పదేళ్ళుగా మోసింది ఆయనే అని చూస్తేనే తెలుస్తోంది, పందిట్లో ప్రతి పనికీ ఆయన్నే పిలుస్తున్నారు. గంప పక్కన పెట్టి, చొక్కా జేబులోంచి చిన్న కెమెరా ఒకటి తీశాడు. తీసి, సరిగ్గా ఆ తలుపు ముందు వెళ్ళి నిలబడ్డాడు. నా ఫొటోకి నట్టనడుమ.

మొదటిసారి మర్యాదగా చెప్పాను. మావయ్యా, ఫొటోలో పడుతున్నావు, నా పక్కకి వచ్చేయమన్నాను. తల ఊపాడు గానీ కదల్లేదు. రెండోసారి ఫ్లాష్ గురించి చెప్పాను. "తీసీసేను బాబూ, సూడు" అని కెమెరా తిప్పి చూపించాడు. నిజంగానే తీసేసి ఉంది. కానీ ఆ చిన్న కెమెరాలు ఒకసారి ఆపి వెలిగిస్తే ఫ్లాష్ మళ్ళీ దానంతటది వచ్చేస్తుందని నాకు తెలుసు. పంతులు మంత్రాలు తొందరచేస్తున్నాడు. మూడోసారి అక్కడిదాకా నడిచి వెళ్ళాను.

"ఇక్కడే ఉండాల బాబూ. పనున్నాది" అన్నాడు, చాలా చిన్న గొంతుతో. అంటూ పెళ్ళికొడుకు పెదనాన్న వైపు ఒక చూపు చూశాడు.

ఆ చూపు ఏమిటో ఆగి ఆలోచించి ఉంటే చాలు. నేను ఆలోచించలేదు. విజయనగరం పెళ్ళిలో చీకటి ఫొటో నా కళ్ళ ముందు ఉంది. వెనక్కి తిరిగి పందిరంతా వినపడేలా ఆ రెండు మాటలూ అన్నాను. పెదనాన్న వెంటనే అందుకున్నాడు, ఆ మనిషిని అక్కణ్ణుంచి లేపమన్నాడు. మేనమామ మొహం ఎర్రబడింది. నేను చెయ్యి చాపి ఆయన చేతిలోని కెమెరా తీసుకుని నా సంచీలో వేసుకున్నాను. తర్వాత ఇస్తానన్నాను. ఆయన పట్టు బిగించలేదు. పిల్లనిచ్చే ఇంటివాళ్ళు ముహూర్తం వేళ గొంతు పెంచరని నాకు తెలుసు. తెలిసే తీసుకున్నాను.

అయినా ఆయన తలుపు ముందు నుంచి కదల్లేదు. మళ్ళీ వెళ్ళే వ్యవధి లేదు. పోనీలే, కెమెరా లేదు కదా, లైట్లు నావే అనుకుని నా స్థలంలోకి వచ్చేశాను. మేళం గట్టిగా అందుకుంది. అడ్డుతెర దించారు. ఆరు ఫొటోలు తీశాను. ఆరుసార్లూ లైట్లు నా మాట విన్నాయి. ఒక్క ఫ్లాష్ పరాయిది లేదు. సెల్‌ఫోన్లు పట్టుకున్నవాళ్ళందరికీ నా వీపు వచ్చి ఉంటుంది. ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషమే. ఇన్నాళ్ళకి పందిరి నా చేతికి వచ్చిందనిపించింది.

పెళ్ళికూతురు తల తిప్పిందని తీస్తున్నప్పుడే గమనించాను. లైట్లకి కళ్ళు చెదిరి తిప్పుకుందనుకున్నాను. చాలామంది తిప్పుతారు. ఒక్క ఫొటోలోనైనా మొహం దొరికే ఉంటుందిలే అనుకున్నాను. పుస్తె, తలంబ్రాలు ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి, చూసుకునే తీరిక లేదు.

తలంబ్రాలు అయ్యాక లోపలికి వెళ్ళాను. ఆవిడ అదే చోట నేల మీద కూర్చుని ఉంది. తలుపు తీసినా ఇంకా బయటికి రాలేదు, నాకోసమే ఆగినట్టుంది. పక్కన కూర్చుని కెమెరా వెనక తెర చూపించాను. ఆవిడ పైట చెంగుతో కళ్ళు తుడుచుకుని, కొంచెం వంగి చూసింది.

"ఇది జడ గదా బాబూ. మొకమేది?"

తర్వాతది చూపించాను. జడ. పువ్వులు బాగా పడ్డాయి, ఒక్కో మొగ్గా లెక్కపెట్టొచ్చు. తర్వాతది. చెవి, బుట్టకమ్మ, జడ. ఆరూ అంతే. పెళ్ళికొడుకు చేతులు ఆమె తల మీద ఉన్నాయి, ఆమె మొహం మాత్రం నాకు పూర్తిగా అవతలి వైపు ఉంది. అవతల తలుపు ముందు మేనమామ. ఒక చెయ్యి వెనక్కి పెట్టి తలుపు మీద ఆనించాడు. రెండో చెయ్యి ఖాళీగా గుండెల దగ్గర ఉంది, కెమెరా పట్టుకునే ఎత్తులో. కళ్ళలో నీళ్ళు, పెదాల మీద నవ్వు. ఆరు ఫొటోల్లోనూ స్పష్టంగా ఉన్నది ఆయన మొహమే.

అప్పుడే ఆయన కెమెరా అడగడానికి వచ్చాడు. ఇచ్చాను. ఆవిడ తమ్ముణ్ణి అడిగింది, పిల్ల ఎటు చూస్తోందిరా అని. ఆయన నా వైపు చూడకుండానే చెప్పాడు.

"నీకేసే, అప్పా. తెర దించగానే తలుపుకేసి సూస్తానన్నాది. నన్ను అక్కడుండి తియ్యమన్నాది, నీకు సూపిద్దుమని."

మేనమామా మేనకోడలూ ముందురోజే అనుకున్నారట. మగపెళ్ళివారి ముందు ఆ మాట పైకి చెప్పడానికి లేదు. తెర దించగానే పెళ్ళికొడుకుని చూడాల్సిన పిల్ల, వేసి ఉన్న తలుపు వైపు, తల్లి ఉన్న వైపు చూసిందని తెలిస్తే గోల అయిపోతుంది. అందుకే పనుందని మాత్రం అన్నాడు. పనంటే అదీ. నేను అడ్డమన్నది దాన్ని.

అప్పుడైనా క్షమించమని అనాలి. నా నోట అది రాలేదు. మా వృత్తిలో ఎప్పుడూ సిద్ధంగా ఉండే మాటే వచ్చింది. "ఆల్బంలో బాగా వస్తుందమ్మా, సరి చేస్తాను" అన్నాను. ఆవిడ నమ్మింది. సరే బాబూ అని లేచి, మొహం కడుక్కుని కూతురి దగ్గరికి వెళ్ళింది. మేనమామ రెండు తిట్లు తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. మధ్యాహ్నం భోజనాల దగ్గర నా విస్తట్లో చేప ముక్కలు ఆయనే వేశాడు.

విజయనగరం వచ్చాక సరి చెయ్యడం మొదలుపెట్టాను. ఆల్బం పనిలో ఇది రోజూ జరిగేదే. ఒకరి కళ్ళు మూసుకుంటే ఇంకో ఫొటోలోంచి కళ్ళు తెచ్చి అతికిస్తాం, వంకరగా నిలబడితే నిలువు చేస్తాం. పెళ్ళిరోజు సాయంత్రం పెళ్ళికూతురు కుర్చీలో కూర్చుని నవ్విన ఫొటో ఒకటి ఉంది, మొహం పక్కకి తిరిగి, సరిగ్గా కావలసిన కోణంలో. ఆ మొహం తెచ్చి జడ ఉన్నచోట పెట్టాను. ఇప్పుడు ఆమె పెళ్ళికొడుకునే చూస్తోంది. వెనక ఉన్న మేనమామని తీసేసి, ఆయన జాగాలో పూల తోరణం పెట్టాను. తలుపు కూడా పోయింది. నిజం చెప్పాలంటే చాలా బాగా కుదిరింది. అతుకు కనిపెట్టమని తోటి ఫొటోగ్రాఫర్లకి చూపిస్తే ఒక్కరూ కనిపెట్టలేకపోయారు.

రెండు నెలల తర్వాత, ఆడపెళ్ళివారి కోసం వేసిన ఆల్బం పట్టుకుని నేనే భావనపాడు వెళ్ళాను. మామూలుగా కబురు పెట్టి స్టూడియోకే రమ్మంటాను. ఈసారి వెళ్ళాలనిపించింది. అరుగు మీద ఆల్బం పెట్టగానే ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చుట్టూ చేరారు. ఆ పేజీ వచ్చేసరికి సినిమాలోలాగ ఉన్నాదని ఒకరు, దిష్టి తగులుతాదని ఇంకొకరు. మేనమామ వెనక నిలబడి చూస్తున్నాడు. పూల తోరణం దగ్గర ఆయన చూపు కాసేపు ఆగింది. "నన్ను లేపీసేవేటి" అని నెమ్మదిగా నవ్వాడు.

పెళ్ళికూతురి తల్లి మాత్రం ఆ పేజీ మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు చూసింది. ఆడవాళ్ళు తర్వాత పేజీ తిప్పమంటున్నా తిప్పలేదు. నేను లోపల్లోపల మొక్కుకుంటున్నాను, ఏమీ అడగకుండా ఉంటే బాగుండునని. తల ఎత్తి నన్ను చూసింది. నిష్ఠూరంగా అడగలేదు, తెలియక అడిగినట్టే అడిగింది.

"ఈ మొకం నేను సూసిందే బాబూ. సాయంత్రం నా ఎదురుగానే కూకున్నాది. నేను సూడనిది ఏది?"

నా దగ్గర లేదమ్మా అన్నాను. ఆ క్షణంలో ఆ పిల్ల మొహాన్ని ఎదురుగా చూసింది లోకంలో ఒక్క మనిషే. ఆయన ఆవిడ వెనకే నిలబడి ఉన్నాడు. అది తీసి ఈవిడ చేతిలో పెట్టడానికి కావలసింది ఆ వేళ ఆయన చేతిలోనే ఉంది, దాన్ని లాక్కుని నా సంచీలో వేసుకున్నది నేను.